కడుపు పోయాక సెప్సిస్, వెంటిలేటర్, గర్భసంచి తీయాలన్న మాట: చెల్లెలి గురించి అడిగిన అన్నకి

బాబూ, మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇది. 26 ఏళ్ల మీ చెల్లెలికి 18వ వారంలో ఉమ్మనీరు పోయింది. మర్నాడు ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో గర్భం పడిపోయింది, సాయంత్రానికే ఇంటికి పంపేశారు. నాలుగో రోజు వణుకుతో జ్వరం. ఊళ్లో ఆర్ఎంపీ రెండు రోజులు ఇంజక్షన్లు, సెలైన్ పెట్టాడు. ఆయాసం మొదలయ్యాక లంక దాటించి, అమలాపురం మీదుగా కాకినాడ చేర్చారు. అక్కడ ఇవాళ మూడో రోజు. వెంటిలేటర్ మీద ఉంది, బీపీ మందు మీద నిలబడుతోంది, మూత్రం సరిగా రావట్లేదు, డయాలసిస్ మాట ఎత్తారు, గర్భసంచి తీయాల్సొస్తే సంతకం కావాలన్నారు. భర్త కువైట్‌లో ఉన్నాడు. అత్తగారేమో బొప్పాయి తినబట్టే ఇదంతా అంటున్నారు.

నేను డాక్టర్ని కాను. కాకినాడ, రాజమండ్రి ఆసుపత్రుల ఐసీయూల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. కేస్‌షీట్ చూడకుండా బతుకుతుందా లేదా అన్నది నేను చెప్పను. చూడకుండా చెప్పేవాళ్ల మాట మీరూ పట్టించుకోవద్దు. ఏ రోజుకారోజు మనిషి ఏ వైపు వెళ్తోందో మీకై మీరు కనిపెట్టుకునే దారి మాత్రం చెప్పగలను.

ముందు బొప్పాయి సంగతి. కాదు. ఉమ్మనీటి పొర పగిలిందంటే లోపలికి తలుపు తెరుచుకున్నట్టే. కింద మామూలుగా ఉండే సూక్ష్మజీవులు, పేగుల్లో ఉండే ఇ.కోలై లాంటివి పైకి పాకుతాయి. మాయ ముక్క ఒకటి లోపల మిగిలిందంటే చాలు, రక్తం తడి, ఒంటి వేడి, చచ్చిన కండ, వాటికి కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి. చాలాసార్లు కథ ఇంకా ముందే మొదలవుతుంది. ఇన్ఫెక్షన్ ముందు వచ్చి, దానివల్లే పొర పగులుతుంది. మీ చెల్లెలు ఏం తింది, ఎక్కడికి వెళ్లింది అన్న పంచాయితీకి ఇందులో చోటు లేదు. అత్తగారికి మీరు నచ్చజెప్పలేకపోతే, రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ చేత ఒక్క మాట చెప్పించండి.

సెప్సిస్ అంటే రక్తంలో విషం ఎక్కిందని అందరూ అనేస్తారు. అసలు జరిగేది ఏమిటంటే, ఇన్ఫెక్షన్ మీదికి లేచిన మన ఒంటి రక్షణే అదుపు తప్పి సొంత అవయవాల్ని దెబ్బతీస్తుంది. 2016లో ప్రపంచ నిపుణులు రాసుకున్న నిర్వచనం ఇదే. మీ ఫైల్లో ‘సివియర్ సెప్సిస్’ అని ఉండొచ్చు. ఆ పేరు అప్పుడే తీసేశారు గానీ మన ఆసుపత్రుల్లో ఇంకా రాస్తుంటారు. సరిపడా సెలైన్ ఎక్కించినా బీపీ మందు లేకుండా నిలబడక, రక్తంలో లాక్టేట్ (అవయవాలకి రక్తం, ఆక్సిజన్ సరిగా అందనప్పుడు పెరిగే ఆమ్లం) 2 దాటి ఉంటే దాన్ని సెప్టిక్ షాక్ అంటారు. షాక్‌లోకి వెళ్లినవాళ్లలో నూటికి 40 మందికి పైగా ఆసుపత్రిలోనే పోతారని ఆ నిర్వచనం రాసినవాళ్లే చెప్పారు. మీరు ఎక్కడైనా ఆ అంకె చదివి బెదిరిపోయి ఉంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, అది అన్ని వయసులవాళ్లు, షుగరూ క్యాన్సరూ గుండెజబ్బూ ఉన్నవాళ్లు కలిసిన లెక్క. చిన్న వయసులో, ముందు ఏ జబ్బూ లేని ఆడపిల్లకి, ఇన్ఫెక్షన్ ఉన్న చోటు తెలిసి, దాన్ని తీసేయగలిగినప్పుడు అవకాశం అంతకంటే మెరుగ్గా ఉంటుంది.

ఆ ‘తీసేయగలిగినప్పుడు’ అన్నదే ఈ జబ్బులో సగం వైద్యం. వెంటిలేటరు, డయాలసిస్, బీపీ మందులు జబ్బుని నయం చేయవు. మనిషికి కాస్త వ్యవధి సంపాదించి పెడతాయి. నయం చేసేవి రెండే: సరైన యాంటీబయాటిక్, గర్భసంచి లోపల మిగిలిందాన్ని ఖాళీ చేయడం. ముల్లు లోపలే ఉంచి పైన కట్టు కడితే ఏం లాభం? కాబట్టి రేపు పొద్దున డాక్టరుగారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘స్కాన్‌లో లోపల ఏమైనా మిగిలిందా? తీసేశారా, ఎప్పుడు తీశారు?’ జ్వరం తగ్గాక క్లీనింగ్ చేద్దామని ఆగే జబ్బు కాదిది. యాంటీబయాటిక్ మొదలుపెట్టి, మనిషిని కాస్త నిలబెట్టి, గంటల్లోనే చేస్తారు. ఇప్పుడు గీకడం కంటే వాక్యూమ్‌తో లాగడమే మంచిదంటారు. ఇన్ఫెక్షన్‌తో ఉన్న గర్భసంచి మెత్తబడి ఉంటుంది, గీకితే చిల్లు పడే ప్రమాదం ఎక్కువ. ప్లేట్‌లెట్స్ పడిపోయి, రక్తం గడ్డకట్టే గుణం పోయి ఉంటే ముందు ప్లాస్మా, ప్లేట్‌లెట్స్ ఎక్కిస్తారు. బ్లడ్ బ్యాంకు చీటీ చేతికిచ్చి పరుగులు పెట్టించేది అందుకే. ఊళ్లోంచి నలుగురు కుర్రాళ్లని కాకినాడలోనే అందుబాటులో ఉంచుకోండి.

ఇక సంతకం. గర్భసంచి తీయడం అందరికీ చేసే పని కాదు. గర్భసంచి గోడలో గ్యాస్ కనబడినప్పుడు, కండ కుళ్లిపోయినప్పుడు, చిల్లు పడినప్పుడు, చీము గడ్డ కట్టినప్పుడు, లోపల శుభ్రం చేసి గట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చినా బీపీ మందు పెరుగుతూ పోతున్నప్పుడు చేస్తారు. కాబట్టి ‘మా అమ్మాయికి వీటిలో ఏ కారణం?’ అని అడగండి. కారణం చెప్పాక మాత్రం జాప్యం చేయకండి. మన దగ్గర ఒక అలవాటు ఉంది. డాక్టరు ముందు ‘ఆయ్, అలాగేనండి’ అని తలూపేసి, కారిడార్లోకి వచ్చి హైదరాబాద్ బాబాయికి, కువైట్ బావకి, వాళ్ల ఊళ్లో తెలిసిన ఇంకో డాక్టరుకి ఫోన్లు చేస్తూ రాత్రంతా గడిపేస్తారు. ఆ రాత్రి మళ్లీ రాదు. భర్త దేశంలో లేకపోతే అమ్మానాన్నలు గానీ మీరు గానీ పెట్టిన సంతకం తీసుకుంటారు. అతన్ని వీడియో కాల్లో కూర్చోబెట్టి డాక్టరుగారితో నేరుగా మాట్లాడించండి, తర్వాత మాట రాకుండా ఉంటుంది. ఇంకోటి, గర్భసంచి తీసినా అండాశయాలు ఉంచితే హార్మోన్లు పోవు, మనిషి ముసలిదైపోదు. పిల్లలు పుట్టరన్నది నిజమే, అది చిన్న విషయమని నేను అనను. కానీ దాని గురించి ఏడవడానికి ముందు ఆమె ఉండాలి.

ఇప్పుడు మంచం పక్కకి వద్దాం. రోజుకి రెండు పూటలా అయిదేసి నిమిషాలు లోపలికి పంపుతారు కదా, ఏం చూడాలో చెబుతాను. మానిటర్ మీద బీపీ 96/52 అని ఉండి, పక్కన బ్రాకెట్లో 67 అని ఇంకో అంకె ఉంటుంది. మేం చూసేది ఆ బ్రాకెట్లోదే, అది సగటు బీపీ. అది 65 తగ్గకుండా ఉంచడం లక్ష్యం. దాన్ని నిలబెట్టేది సిరంజి పంపులో ఎక్కే నార్‌అడ్రినలిన్. చాలామంది బంధువులు పంపు మీద అంకె చూసి లెక్కలు వేసుకుంటారు. నిన్న 12 ఉంది, ఇవాళ 6, సగానికి తగ్గిందని సంబరపడతారు. మేం రాత్రి సిరంజి మార్చేటప్పుడు డబుల్ స్ట్రెంత్ కలిపి ఉంటే అదీ ఇదీ ఒకటే డోసు. అందుకని అంకె చూడకండి, ‘నార్‌అడ్ నిన్నటి కంటే తగ్గిందా, పెరిగిందా?’ అని సిస్టర్ని అడగండి. ఒక్క మాటలో చెబుతుంది. రెండో పంపు, అంటే వాసోప్రెసిన్ పెట్టారంటే ఒక్క మందు చాలడం లేదని అర్థం. హైడ్రోకార్టిసోన్ రోజుకి 200 మిల్లీగ్రాములు ఇస్తారు, స్టెరాయిడ్ ఎందుకని కంగారుపడకండి, బీపీ నిలబడటానికే అది. ఈ మందుల డోసు ఎక్కువైతే వేళ్ల చివర్లు నల్లబడొచ్చు. కనబడితే చెప్పండి, కానీ ఆపేయమని గొడవ చేయొద్దు.

తర్వాత మంచం కింద వేలాడే మూత్రం సంచి. దానికి గంటగంటకీ కొలిచే చిన్న డబ్బా ఉంటుంది. 50 కిలోల మనిషికి గంటకి కనీసం 25 మి.లీ. రావాలి. మూత్రం కోలా రంగులోకి మారితే వెంటనే చెప్పాల్సిన సంగతి, ఎర్రరక్తకణాలు చితికిపోతున్నాయేమో చూస్తారు. కొన్ని రకాల ఇన్ఫెక్షన్లు, ముఖ్యంగా క్లాస్ట్రీడియం, అలా చేస్తాయి. మూడోది లాక్టేట్. పూటపూటకీ రక్తం తీసి చూస్తారు. 6 నుంచి 4కి, 4 నుంచి 2కి దిగుతుంటే దారిలో పడినట్టే. నార్‌అడ్ దిగడం, లాక్టేట్ దిగడం, మూత్రం పెరగడం, ఈ మూడూ ఒకే వైపు నడుస్తున్నాయా లేదా చూసుకోండి. జ్వరం 101 వచ్చిందా 99 వచ్చిందా అన్నదాని మీద అంత ధ్యాస పెట్టకండి.

మొహం గుర్తుపట్టలేనంత వాచి ఉంటుంది. రక్తనాళాలు కారిపోయి నీరంతా ఒంట్లోకి చేరడంవల్ల అది. మొదటి 3 గంటల్లో కిలోకి 30 మి.లీ. చొప్పున సెలైన్ ఎక్కిస్తారు, అంటే 50 కిలోల అమ్మాయికి అరలీటరు సీసాలు మూడు. ఆ తర్వాత చూసి చూసి ఇస్తారు. ‘సెలైన్ కూడా పెట్టట్లేదు’ అని సిస్టర్లమీద అరిచేవాళ్లని ఎందరినో చూశాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషికి ఇంకా ఎక్కిస్తే ముంచేసినట్టే. వెంటిలేటర్ కూడా అలాంటిదే, ఎంత ఎక్కువ గాలి కొడితే అంత మంచిదనుకోకండి. ఎత్తుకి తగిన బరువు లెక్కగట్టి, కిలోకి 6 మి.లీ. చొప్పున చిన్న చిన్న ఊపిరులే ఇస్తారు. ఒక్కోసారి బోర్లా పడుకోబెడతారు. చేతులు కట్టేసి ఉంటే బాధపడకండి, మెలకువ వచ్చి గొంతులో గొట్టం లాగేసుకోకుండా కడతాం. మత్తులో ఉన్నా మాటలు చెవిన పడొచ్చు. తల దగ్గర నిలబడి ఖర్చుల గురించీ, బొప్పాయి గురించీ మాట్లాడొద్దు. ఆమె పేరు పెట్టి పిలిచి, మీరెవరో, ఇవాళ ఏ వారమో చెప్పండి.

డయాలసిస్ అనగానే ఇక జీవితాంతం వారానికి మూడుసార్లు అనుకుంటారు. సెప్సిస్‌లో దెబ్బతిన్న కిడ్నీలు ఎక్కువమందికి వారాల్లో కోలుకుంటాయి. కోలుకోనివాళ్లూ ఉంటారు, ముఖ్యంగా కిడ్నీ పైపొర చచ్చిపోయిన కేసుల్లో. అది ఇప్పుడే తేలదు.

మీరు ఇవాళే చేయగలిగిన పని ఒకటుంది. ఆర్ఎంపీ దగ్గరికి ఎవరినైనా పంపి, ఏ ఇంజక్షన్లు ఇచ్చాడో పేర్లు రాయించుకు రండి, ఖాళీ సీసాలుంటే అవే తీసుకురండి. కొట్లాటకి మాత్రం వెళ్లకండి, వెళ్తే నోరు విప్పడు. ముందే యాంటీబయాటిక్ పడి ఉంటే రక్తం కల్చర్‌లో (రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగకపోవచ్చు, ఆ సంగతి డాక్టర్లకి తెలియాలి. డెక్సా అనే స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే జ్వరం పైకి తగ్గినట్టు కనబడి లోపల జబ్బు పెరిగి ఉంటుంది. నొప్పులకి వాడే డైక్లోఫెనాక్ ఇచ్చి ఉంటే కిడ్నీలకి అదొక దెబ్బ. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అది వచ్చాక యాంటీబయాటిక్ మారిస్తే మొదటిది పనిచేయలేదని గోల పెట్టకండి, గురి చూసి కొట్టడానికే మారుస్తారు.

ఇంకో మాట, మీ చెల్లెలి గురించి అని కాదు, ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుంది. గర్భం దానంతటదే పోయిందా, మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చి వేసుకున్నారా, ఎవరైనా లోపల ఏమైనా పెట్టారా అన్నది డాక్టర్లకి నిజం చెప్పండి. వైద్యం మారుతుంది. మన దేశంలో చట్టం ప్రకారం అబార్షన్ 1971 నుంచి ఉంది, ప్రాణం నిలబెట్టడానికైతే ఎన్నో వారమన్న పట్టింపు కూడా లేదు. 2021 సవరణ ప్రకారం అబార్షన్ చేయించుకున్న ఆమె పేరు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది వరకు జైలు పడొచ్చు. పరువు పోతుందని దాచేవాళ్లవల్ల రోజులు పోతాయి.

ఆ రోజులే ఈ జబ్బులో అన్నింటికంటే ఖరీదు. 2012 అక్టోబరులో ఐర్లండ్‌లోని గాల్వేలో సవిత హలప్పనవర్ చనిపోయింది. బెళగావి అమ్మాయి, పళ్ల డాక్టరు, 17వ వారం, అచ్చం ఇలాగే ఉమ్మనీరు పోయింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందని అక్కడి చట్టం పేరు చెప్పి గర్భం తీయలేదు. ఆమె పోయాక ఆరేళ్లకి, 2018లో, జనం ఓటేసి ఆ నిబంధన తీయించారు. అందరికీ తెలిసింది ఆ చట్టం సంగతే. విచారణలో బయటపడ్డ ఇంకో సంగతి నర్సుగా నాకు మరీ గుచ్చుకుంది. చేరిన రోజు తీసిన రక్తపరీక్షలో తెల్లకణాలు అప్పటికే పెరిగి ఉన్నాయి, దాన్ని ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు. నాడి, ఊపిరి, బీపీ చూడాల్సినన్ని సార్లు చూడలేదు. అంత పెద్ద ఆసుపత్రిలోనే అలా జరిగినప్పుడు, గోదావరి పోటు మీద ఉండి కాజ్‌వే మునిగి, పడవ కోసం తెల్లారేదాకా చూసే లంకలో ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో చూడండి.

వయసులో ఉన్న ఆడపిల్లల ఒళ్లు మోసం చేస్తుంది. బీపీ చివరిదాకా బాగానే ఉండి, ఒక్కసారిగా కూలిపోతుంది. ‘బీపీ నార్మలే’ అన్న మాట విని ఇంట్లో పడుకోబెట్టొద్దు. ముందు చెప్పేది ఊపిరి. పొట్ట మీద చెయ్యి వేసి, ఫోన్లో గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. కదలకుండా పడుకున్న మనిషికి 25 వచ్చాయంటే ఇక ఆలోచించొద్దు, ఆసుపత్రికి బయల్దేరండి. చేతులు చల్లబడటం, పొంతన లేని మాటలు, పొద్దుటినుంచి మూత్రానికి వెళ్లకపోవడం, కిందనుంచి చెడు వాసన, పొత్తికడుపు ముట్టుకోనివ్వకపోవడం, వీటిలో ఏది కనబడినా అంతే. జ్వరం తగ్గి ఒళ్లు చల్లబడితే మంచిదనుకోకండి, అది మరీ ప్రమాదం కావచ్చు. వరద రోజుల్లో చీకటి పడకముందే ఏరు దాటండి. ఇవతల గట్టున 108 నిలబడేలా ముందే ఫోన్ చేయండి.

లేచాక ఏమవుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే లేస్తుందని అనుకునే మాట్లాడుకుందాం. మత్తు దిగాక కొన్ని రోజులు లేనివి ఉన్నట్టు చూడొచ్చు, సిస్టర్లు తనని చంపుతున్నారనొచ్చు. గాలీ ధూళీ అని తాయెత్తు కట్టించే పని పెట్టుకోకండి, తగ్గిపోతుంది. 18 వారాల గర్భం పోయినా రొమ్ముల్లో పాలు పడతాయి. వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఆ సంగతి అందరూ మర్చిపోతారు. రొమ్ములు గట్టిపడి జ్వరం వస్తే ఇంకో ఇన్ఫెక్షన్ అనుకుని వెతుకుతారు. అక్కడున్న ఆడవాళ్లెవరైనా సిస్టర్‌కి గుర్తుచేయాలి, ఇవ్వొచ్చనిపిస్తే డాక్టరు పాలు ఆపే బిళ్ల రాస్తారు. బిడ్డ పోయిందన్నది ఆమెకి గుర్తుండకపోవచ్చు. ఎవరు చెప్పాలో ముందే అనుకోండి, వార్డులో పక్క మంచం ఆవిడ నోటినుంచి వినే పరిస్థితి రానీయకండి. ‘మళ్లీ పుడతారులే’ అని మాత్రం ఎవరూ అనకుండా చూడండి. రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలొచ్చు, మళ్లీ వస్తుంది. మెట్లెక్కడానికి నెలలు పట్టొచ్చు. గర్భసంచి ఉంటే మళ్లీ గర్భానికి కనీసం ఆరు నెలలు ఆగమంటారు, కిడ్నీల పరీక్ష సరిగా వచ్చాకే. ఈలోపు నెలసరి బాగా తగ్గిపోయినా, అసలు రాకపోయినా చూపించండి, లోపలి గోడలు అతుక్కుని ఉండొచ్చు.

డబ్బు విషయంలో, ఆ ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఉందో లేదో లోపల డెస్క్‌లో కూర్చునే ఆరోగ్యమిత్రని ఇవాళే అడగండి. ఉంటే కార్డు, ఆధార్ తీసుకెళ్లి ఏ చికిత్స దాని కిందికి వస్తుందో రాయించుకోండి. డిశ్చార్జ్‌ రోజు కల్చర్ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్ నకళ్లు అడిగి తీసుకోండి, వచ్చే గర్భానికి అవే ఆధారం.

చివరగా, మీరు రాయని సంగతి ఒకటుంది: చెల్లెలి బ్లడ్ గ్రూపు. ఆమె నెగెటివ్, భర్త పాజిటివ్ అయితే గర్భం పోయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజక్షన్ పడాలి, వచ్చే గర్భంలో బిడ్డ రక్తాన్ని తల్లి ఒళ్లు దెబ్బతీయకుండా కాపాడేది అదే. నర్సింగ్‌హోమ్‌లో ఇచ్చారో లేదో కాగితం చూడండి. ఇవ్వకపోతే పది రోజుల్లోపు ఇచ్చినా కొంత ప్రయోజనం ఉంటుంది. మీ లెక్కన ఇప్పటికి తొమ్మిది రోజులు కావస్తోంది, కాబట్టి సాయంత్రం విజిటింగ్ దాకా ఆగకుండా ఇప్పుడే డ్యూటీ డాక్టరుని అడగండి.